వేవిళ్ళకు అల్లం: వికారం తగ్గిస్తుందా, వేడి చేస్తుందా?

పెరటిమొక్క:
మా చెల్లెలికి ఇప్పుడు మూడో నెల. పొద్దున లేచింది మొదలు వేవిళ్ళతో కాఫీ వాసన కూడా భరించలేకపోతోంది. చూస్తున్న డాక్టరమ్మ అల్లం వాడి చూడమన్నారు. వాళ్ళ అత్తగారు మాత్రం అల్లం వేడి చేస్తుందనీ, కడుపుతో ఉన్న పిల్లకు పనికిరాదనీ పట్టుబట్టి ఉప్మాలో కూడా వేయనివ్వడం లేదు. ఆవిడే పురిటి తరువాత పెట్టవలసిన శొంఠి కాయానికి ఇప్పటినుంచే లెక్కలు వేస్తున్నారు. ఒకే దుంప కాన్పుకు ముందు చెరుపూ, కాన్పయ్యాక మందూ ఎలా అవుతుందో తెలిసినవారు చెప్పగలరు.

తాటాకు:
అత్తగారి మాటలో వైరుధ్యం లేదండీ. దుంప ఒకటే అయినా వైద్యంలో అల్లమూ శొంఠీ రెండు వేర్వేరు ద్రవ్యాలు. భావమిశ్రుడు రాసిన ఆయుర్వేద గ్రంథం భావప్రకాశం, పచ్చి అల్లం మలాన్ని విడగొడుతుందనీ, శొంఠి కట్టడి చేస్తుందనీ చెబుతుంది. శొంఠి లేని కషాయం లేదన్న సామెత ఊరికే పుట్టలేదు. దానికి విశ్వభేషజమనీ, మహౌషధమనీ పేర్లున్నాయి. అదే గ్రంథం, భోజనానికి ముందు ఉప్పుతో అల్లం తినడం ఎప్పుడూ పథ్యమే అంటూనే, రక్తపిత్తం (ఒంట్లోంచి రక్తం పోయే జబ్బు), జ్వరం, ఒంట్లో మంట, పుండ్లు ఉన్నవారికీ, గ్రీష్మ శరదృతువుల్లోనూ అల్లం మంచిది కాదంటుంది. గర్భిణి విషయంలో రక్తస్రావపు భయం ఎప్పుడూ ఉంటుంది కనుక, పెద్దవాళ్ళ పట్టింపు ఆ నిషేధం నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

కొలతరాయి:
తాటాకు గారూ, మీరు చెప్పిన శ్లోకంలో రోగాలున్నాయి, రుతువులున్నాయి, గర్భిణి మాత్రం లేదు. ఆ జాబితాలోకి ఆమెను చేర్చింది మీ అభిప్రాయమే తప్ప గ్రంథం కాదు. ఇక పరీక్షల సంగతికి వస్తే, సుమారు 1,300 మంది గర్భిణులపై జరిగిన 12 ప్రయోగాలను కలిపి చూసిన 2014 నాటి సమీక్షలో, అల్లం వల్ల వికారం తగ్గిందనీ, వాంతుల సంఖ్య మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదనీ తేలింది. తల్లికిగానీ బిడ్డకుగానీ హాని పెరిగినట్టు కనబడలేదు. అయితే రెండు ద్రవ్యాలన్న మీ మాటను నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే అల్లం ఎండేటప్పుడు అందులోని జింజెరాల్ అనే ఘాటు పదార్థం కొంత షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు మరీ ఎక్కువ. ఇక్కడే చిత్రమైన విషయం ఒకటుంది: ఇలాంటి ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది ఎండు పొడి, అంటే మన శొంఠే. అత్తగారు కాన్పయ్యేదాకా దాచిపెట్టిన సరుకునే వేవిళ్ళకు పరీక్షించారన్నమాట.

తాటాకు:
గర్భిణి పేరు ఆ శ్లోకంలో లేదన్నది నిజమే, నా ఊహను గ్రంథానికి అంటగట్టకూడదు. కానీ మోతాదు మాటేమిటి? ప్రయోగాల్లో ఎంత ఇచ్చారో చెప్పకుండా శొంఠి మంచిదంటే, రేపు ఎవరో ఒకరు కాయం ఉండలే పెట్టేస్తారు. కాయంలో శొంఠితో పాటు పిప్పళ్ళూ మిరియాలూ వగైరా కూడా పడతాయి. అది బాలింత కోసం చేసుకున్న కూర్పు.

కొలతరాయి:
సరిగ్గా అడిగారు. సాధారణంగా రోజుకు ఒక గ్రాము, అదీ మూడు నాలుగు విడతలుగా ఇచ్చారు. టీ చెంచాడు పొడి దాదాపు రెండు గ్రాములు తూగుతుంది కనుక, రోజంతటికీ అర చెంచా మించనక్కరలేదు. కాయాన్ని ఈ లెక్కలోకి తేవద్దు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడగకుండా పొడి జోలికి వెళ్ళకూడదు. మంచినీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం తగ్గినా, బరువు తగ్గుతున్నా ఇంటి వైద్యం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

పెరటిమొక్క:
నిన్న పలచటి మజ్జిగలో కాస్త అల్లం తురిమి ఇస్తే తాగింది, కానీ తరువాత గుండెల్లో మంట అంది. మానేయాలా?

కొలతరాయి:
మంట అల్లానికి తెలిసిన దుష్ఫలితమే. రెండు రోజులు ఆపి చూడండి. మంట తగ్గితే, ఈసారి అందులో సగమే, ఖాళీ కడుపున కాకుండా రెండు ముద్దలు తిన్నాక ఇవ్వండి. మళ్ళీ వస్తే మానేసి డాక్టరమ్మకు ఆ మాట చెప్పండి.