పిలకాయలకి పెన్నా నదిని అన్నం పళ్ళెంలో చూపించొచ్చా?

కావలి టీచర్:
నాలుగో తరగతికి చెప్తా ఉండా. పెన్నా బంగాళాఖాతంలో కలుస్తుందని గడగడా అప్పజెప్తారు, తుమ్మలపెంట బీచ్‌కి పోయొచ్చినోళ్ళే, అయినా సముద్రం ఏ పక్కరా అంటే దిక్కులు చూస్తారు. తినే వాటితో మ్యాప్ చేయిద్దామని ఉంది. వీడియోల్లో కేకులు, క్రీములు, మనకి అయ్యే పని కాదు. అన్నంతో చేయిస్తే ఆటలేందని పెద్దోళ్ళు అంటారేమో. ఎవరన్నా చేశారా?

ఆత్మకూరు అమ్మ:
మా వాడికి ఇంట్లో చేశానండి. అన్నం మెత్తగా వండి పడమర పక్క ఎత్తుగా పేర్చి వెలికొండలన్నాం, తూర్పుకి వాలుగా పరిచాం, కొండల సందులో వేలితో గుంట చేసి సోమశిల డ్యాం అన్నాం. మొదట చారు పోస్తే అన్నం మొత్తం పీల్చేసింది, మళ్ళీ పప్పు జారుగా కలిపి గరిటెతో పోస్తే గుంట నిండి గట్టు తెగి పళ్ళెం అంచుదాకా జారింది, "అమ్మా గేట్లెత్తేశారు" అని ఒకటే అరుపు. ఒక్క మెతుకు వదల్లేదు, తినేదే కదా, తప్పేముంది.

ఒంగోలు సార్:
మేడం, ముందు పళ్ళెం నేల మీద పెట్టించి నిజం తూర్పుకి తిప్పించండి. గోడ మ్యాప్‌తో వచ్చే చిక్కేందంటే పైన ఉండేది ఎత్తు అనుకుంటారు. పెన్నా కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి ముందు ఉత్తరానికి పోయి తర్వాత తూర్పుకి తిరుగుతుంది, మొత్తం 597 కిలోమీటర్లు. "నది పైకెట్టా పారుద్ది సార్" అని ఒకడు అడిగాడు, వాడు అడిగింది న్యాయమే, నాకు చెప్పడం రాలేదు ఆరోజు. అన్నంలో అయితే ఎత్తు చేతికి తెలుస్తుంది, ఉత్తరం వేరు ఎత్తు వేరు అని వాళ్ళకే అర్థమవుద్ది. మేం గుండ్లకమ్మ నది చేశాం, పుట్నాల పొడి బెల్లం నెయ్యి కలిపి ముద్ద చేసి, నల్లమల కొండలు, కింద కంభం చెరువు. వేరుశనగ మాత్రం ఎవరికన్నా పడదేమో ఇళ్ళల్లో అడక్కుండా వాడొద్దు.

కావలి టీచర్:
సార్, ఆ ఉత్తరం సంగతి నాకు తట్టనే లేదు. మధ్యాహ్న భోజనం టైంలోనే పెడతా, చేతులు కడిగించి ఎవరి పళ్ళెం వాళ్ళకే. పప్పు కాస్త జారుగా చెయ్యమని వంటామెకి రేపే చెప్తా.