సమస్యాపూరణం: ‘బరువు లేనిచోట బరువు మోసె’

మల్లేశ్వరం మాస్టారు:
మిత్రులకు నమస్కారం. మొన్న ఆదివారం మన బెంగళూరు బృందం కూడినప్పుడు పద్యాలు పక్కకి పోయి, మాటలు ‘గ్రావిటీ’ సినిమా మీదికి మళ్ళిన సంగతి వచ్చినవాళ్ళకి తెలుసు. 2013 నాటి ఆ సినిమాలో సాండ్రా బుల్లక్ నటన నిజంగా అంత గొప్పదా, లేక చుట్టూ ఉన్న హంగు చూసి లోకం మురిసిపోయిందా అన్నది తగువు. వయ్యాలికావల్ బస్టాపు దాకా నడుస్తూ కూడా వాదించుకున్నాం, తెగలేదు. కాబట్టి ఈ వారం సమస్య అందులోంచే:

బరువు లేనిచోట బరువు మోసె

ఆటవెలదిలో నాలుగో పాదం, మొదటి మూడూ మీరు కట్టాలి. అయిదూ సూర్యగణాలే, యతి (మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన) బ–బ. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. హబుల్ టెలిస్కోపు బాగుచేయడానికి వెళ్ళిన డాక్టర్ ర్యాన్ స్టోన్ (బుల్లక్ పాత్ర), ఉపగ్రహాల శకలాలు తగిలి నౌక ధ్వంసమయ్యాక, ఎలాగోలా నేలకి తిరిగి రావాలి. 91 నిమిషాల సినిమాలో సగానికి పైగా ఆవిడ ఒక్కతే. పొగడండి, తెగడండి, మీ ఇష్టం. గణం తప్పితే మాత్రం వదలను.

యశవంతపుర కవి:
మాస్టారూ, బోణీ నాది.

కన్నకూతు మృతిని కడుపులో దాచుక
నేల విడిచి చనెను నింగి కెగసి
తల్లి గుండెలోని తలపుల మూటతో
బరువు లేనిచోట బరువు మోసె

మల్లేశ్వరం మాస్టారు:
నడక హాయిగా ఉంది. గణాల్లో, యతుల్లో వంక లేదు. ‘తలపుల మూట’ మాత్రం వాడి వాడి అరిగిపోయిన సరుకు. రేడియో లలితగీతాల కాలం నుంచీ మోస్తూనే ఉన్నాం, ఇక దించేయండి.

జయనగరం అక్క:
కవిగారూ, పద్యం బాగుంది, కానీ అసలు చమత్కారం మీ చేతిలోంచి జారిపోయింది. ఆ పాప ఎలా పోయింది? బడిలో ఆడుకుంటూ జారిపడి, తలకి దెబ్బ తగిలి. అంటే పిల్లని తీసుకుపోయింది పడిపోవడమే, భూమి లాగడమే. ఆ తల్లి ఇప్పుడు ఎవరూ కింద పడని చోటికి వెళ్ళింది. సినిమా పేరు ఊరికే పెట్టలేదు. మూడో పాదంలో మూట బదులు ఆ పతనం వచ్చి ఉంటే సమస్య తనంతట తానే విడిపోయేది.

యశవంతపుర కవి:
అక్కయ్యా, ఇంత మంచి ఊహ మీ దగ్గర పెట్టుకుని నాకు ముందే చెప్పకూడదా!

మార్తహళ్ళి కుర్రాడు:
నేను గ్రాఫిక్స్ పనిలో ఉన్నవాణ్ణి, కాబట్టి కాస్త కడుపుమంటతో రాస్తున్నాను. నౌక బయట తిరిగే దృశ్యాల్లో చాలాచోట్ల ఆవిడది ముఖం ఒక్కటే. స్పేస్ సూట్‌తో సహా మిగతా ఒళ్ళంతా కంప్యూటర్‌లో తయారైంది. కెమెరా కదలికలు ముందే ప్రోగ్రాం చేసి పెట్టారు. ఎల్‌ఈడీ పలకలతో కట్టిన డబ్బాలో ఆవిడని నిలబెట్టి వెలుగుని చుట్టూ తిప్పారు. కొన్నిచోట్ల తీగలు కట్టి, రంగస్థలం మీద బొమ్మలాడించే కళాకారుల చేత కదిలించారు. తోలుబొమ్మలాటలో చప్పట్లు బొమ్మకా, తెర వెనక ఉన్నవాళ్ళకా? నా పూరణ:

తీగ పట్టి లాగి తిప్పినా రెందరో
వెలుగు పెట్టెలోన బొమ్మవోలె
యంత్ర మాడుచుండ నామెయే యెట్టుల
బరువు లేనిచోట బరువు మోసె?

మల్లేశ్వరం మాస్టారు:
భేష్! సమస్యని ప్రశ్నగా తిప్పడం మంచి ఎత్తు. ఇచ్చిన పాదం చెదరకుండా అర్థం తలకిందులైంది. మూడో పాదంలో యం–ఆ యతి చక్కగా కుదిరింది. కానీ బాబూ, రెండో పాదం చూసుకో. ‘వె’కీ ‘బొ’కీ హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. ఎ పక్కన ఒ చెల్లదు. ‘వెలుగు పెట్టెలోన పెట్టి యుంచి’ అంటే వె–పె సరిపోతుంది. బొమ్మ పోతుందని బెంగ వద్దు, మొదటి పాదంలో తీగ ఉండగా బొమ్మ ఎలాగూ కనిపిస్తూనే ఉంది.

మార్తహళ్ళి కుర్రాడు:
సవరించాను మాస్టారూ. యతి పోయింది గానీ వాదన పోలేదు, గమనించగలరు.

విమానపుర రిటైర్డు ఇంజనీరు:
ముందు సమస్య మీదే నా అభ్యంతరం. అంతరిక్షంలో ‘బరువు లేదు’ అంటే చాలామంది అక్కడ ఆకర్షణ లేదనుకుంటారు. ఆ సినిమా వచ్చిన నాటికి హబుల్ తిరిగేది సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 85 శాతం ఉంటుంది. నౌకా, అందులో మనిషీ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటారు గనక బరువు తెలియదు, అంతే. ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. వేగంగా వచ్చి గోడకి గుద్దుకుంటే అక్కడైనా ఎముక విరుగుతుంది.

పుడమి లాగుచుండు పొడవున నెంతైన
పడుచు నుండు వాని బరువు సున్న
రాశి మాత్ర ముండు రవ్వంత తగ్గక
బరువు లేనిచోట బరువు మోసె

మల్లేశ్వరం మాస్టారు:
‘పడుచు నుండు వాని బరువు సున్న’ ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన పాదాల్లో నాకు బాగా నచ్చినది. పదో తరగతి పుస్తకంలో వేయించాలి. అయితే సార్, మూడు పాదాలు పాఠం చెప్పి నాలుగో పాదాన్ని గాలికి వదిలేశారు. మోసింది ఎవరు? కర్త లేడు. కక్ష్యలో తిరుగుతున్నట్టుంది గానీ దిగడం లేదు మీ పద్యం.

విమానపుర రిటైర్డు ఇంజనీరు:
కర్త ద్రవ్యరాశే అనుకున్నాను. పోనీండి. అసలు తగువు మీద నా మాట కూడా చెప్పేస్తాను. ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ అప్పట్లోనే అడిగినట్టు, అన్నీ తేలుతున్న చోట ఆవిడ జుట్టు ఎందుకు తేలలేదు? తోటి వ్యోమగామిగా వేసిన జార్జ్ క్లూనీ తాడు వదిలేసుకుని దూరంగా పోవడం ఏమిటి? అప్పటికే ఇద్దరూ ఒకరికొకరు కదలకుండా ఆగారు, తాడు చిన్నగా లాగితే దగ్గరికి వచ్చేస్తాడు. నాకు అక్కడే నమ్మకం పోయింది. నమ్మకం పోయాక నటన ఏం చూస్తాం?

జయనగరం అక్క:
తాడు రాసినవాళ్ళ తప్పు, జుట్టు తీసినవాళ్ళ తప్పు. ఆవిడ ఖాతాలో వేస్తే ఎలా అన్నయ్యా?

నా అభిప్రాయం ఇద్దరికీ నచ్చకపోవచ్చు. ఆవిడని పొగిడినవాళ్ళు చాలామంది తప్పు సన్నివేశాన్ని పొగిడారు. కూతురి గురించి క్లూనీకి చెప్పే మాటలు మామూలుగా ఉన్నాయి. ఆ రాతకి ఎవరైనా అంతే చేస్తారు. నేను చూడమనేది రష్యా వాళ్ళ సోయజ్ నౌకలో ఉన్న ఘట్టం. ఇంధనం అయిపోయింది. రేడియోలో ఎవరో గ్రీన్లాండ్ మనిషి దొరికాడు. అతని భాష ఈవిడకి రాదు, ఈవిడ భాష అతనికి రాదు. కుక్కలు అరుస్తుంటాయి. ఈవిడా కుక్కలా అరుస్తుంది. మొదట సరదాగా మొదలైన అరుపు ఎక్కడ ఏడుపు అయిందో చెప్పలేం. తర్వాత పసిబిడ్డ గొంతు, జోలపాట వినిపిస్తాయి. బిడ్డ పోయిన తల్లి ఆ జోల వింటూ గాలి తగ్గించుకుని నిద్రపోదామనుకుంటుంది. అక్కడ వెలుగుల డబ్బా విన్యాసం లేదు బాబూ, ఇరుకు గదిలో ఒక ముఖం ఉంది. ఇంకొకటి, సినిమా అంతా ఆవిడ ఊపిరి వినండి. మొదట్లో గాలి గబగబా తాగేస్తుంటే క్లూనీ పొదుపుగా పీల్చమని మందలిస్తాడు. అక్కడి నుంచి ప్రతి ఘట్టానికీ ఊపిరి లయ మారుతుంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

ఊపిరొక్క టుండె నొరులెవ్వరును లేరు
కుక్క యరుపు వినుచు గూడ నరిచి
నవ్వి యేడ్చి మరల నవ్వుచు నా యింతి
బరువు లేనిచోట బరువు మోసె

విమానపుర రిటైర్డు ఇంజనీరు:
‘గూడ’ అచ్చుతప్పా?

మల్లేశ్వరం మాస్టారు:
కాదు సార్. ‘వినుచున్’ ద్రుతాంతం (చివర ‘న్’ ఉన్న మాట), తర్వాతి పరుషం సరళమైంది, అంటే ‘కూడ’ కాస్తా ‘గూడ’ అయింది. యతి కు–గూ కూడా కుదిరింది.

అక్కయ్యా, మూడో పాదం పద్యాన్ని నిలబెట్టింది. మూడు క్రియలు ఒకదాని మీద ఒకటి పడుతూ ఉంటే ఆ అరుపు ఏడుపులోకి జారడం కనిపించింది. విశేషణం ఒక్కటి కూడా లేకపోవడం ఇంకా బాగుంది.

మార్తహళ్ళి కుర్రాడు:
అక్కా, సోయజ్ ఘట్టం ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క ఘట్టానికి ఆస్కార్ నామినేషనా? 2016లో ‘అరైవల్’ వచ్చింది. ఎమీ ఆడమ్స్ ఆ సినిమా అంతా గొంతు పెంచకుండా మోసింది. సినిమాకి ఎనిమిది నామినేషన్లు దక్కాయి, ఆవిడకి ఒక్కటీ లేదు. ఎక్కువగా కష్టపడినట్టు కనిపించేవాళ్ళకే ఓట్లు పడతాయన్నది నా కోపం.

జయనగరం అక్క:
ఆ కోపంలో నేనూ నీ పక్షమే. ఆడమ్స్‌కి అన్యాయం జరిగింది. కానీ ఆవిడకి ఇవ్వనందుకు ఈవిడ దగ్గర లాక్కోవాలా? 1986 నాటి ‘ఏలియన్స్’కి సిగోర్నీ వీవర్‌ని ఉత్తమ నటి పోటీలోకి తీసుకున్నప్పుడు కూడా రాక్షసుల సినిమాకి ఇదేమిటని పెదవి విరిచినవాళ్ళు ఉండే ఉంటారు. సైన్స్ ఫిక్షన్‌లో ఆడవాళ్ళ నటనకి తలుపు తెరుచుకునేదే అరుదు. తెరుచుకున్నప్పుడల్లా మనమే వెళ్ళి గడియ పెట్టక్కర్లేదు.

ఇందిరానగరం బావ:
ఇంత వేడి చర్చలో నా చిన్న వెటకారం.

ఏడు బొమ్మ లందె నీ చిత్రమున కంట
ఒకటి రాకపోయె నువిదకైన
చేత బొమ్మ లేదు చిత్రమో యేమొకో
బరువు లేనిచోట బరువు మోసె

వివరణ: ‘గ్రావిటీ’కి పది నామినేషన్లు, ఏడు ఆస్కార్లు. దర్శకుడు ఆల్ఫాన్సో క్వారోన్‌కి వచ్చింది, ఛాయాగ్రహణానికి వచ్చింది, సంగీతానికి, శబ్దానికి రెండు, ఎడిటింగ్‌కి, విజువల్ ఎఫెక్ట్స్‌కి వచ్చింది. నటికి మాత్రం లేదు, ఆ ఏడాది ‘బ్లూ జాస్మిన్’కి కేట్ బ్లాంచెట్ పట్టుకుపోయింది. ఆస్కార్ బొమ్మ బరువు సుమారు 3.85 కిలోలు. ఆ బరువు లేని చేతులతో ఈవిడ సినిమా బరువు మోసిందని భావం.

మార్తహళ్ళి కుర్రాడు:
చూశారా! అకాడమీ కూడా నా మాటే అంది. విజువల్ ఎఫెక్ట్స్‌కి ఇచ్చింది, నటికి ఇవ్వలేదు.

మల్లేశ్వరం మాస్టారు:
బావగారూ, ‘ఏ’కి ‘ఈ’, ‘ఒ’కి ‘ఉ’ యతులు అందంగా పడ్డాయి. బహుమతి బొమ్మ బరువుతో విడగొట్టాలన్న ఊహ నాకు తట్టలేదు. కానీ సాండ్రా బుల్లక్ చేతికి బొమ్మ ముందే వచ్చింది కదా, ‘ది బ్లైండ్ సైడ్’కి, 2010 వేడుకలో. ‘చేత బొమ్మ లేదు’ అంటే అబద్ధమవుతుంది. ‘చేతి కపుడు రాదు’ అని మార్చండి. గణాలూ యతీ అలాగే ఉంటాయి, నిజమూ మిగులుతుంది.

ఇక నా పూరణ. కన్నీటి బొట్టు ఆవిడ కంటినుంచి విడిపోయి తేలుతూ తెర మీదికి వస్తుంది చూడండి, చాలామంది అక్కడే కరిగిపోయారు. నిజానికి బరువు లేనిచోట కన్నీరు అలా రాలిపోదు. తలతన్యత వల్ల కంటికే ఉండలా అంటుకుని ఉంటుంది. వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ 2013లోనే అంతరిక్ష కేంద్రం నుంచి కంట్లో నీళ్ళు పోసుకుని మరీ చూపించాడు. అంటే జనాన్ని ఏడిపించిన ఆ బొట్టు నటిది కాదు, అది కుర్రాడి పక్షానికి చెందుతుంది. ఆవిడది అక్కయ్య పట్టుకున్న ఊపిరి.

కంటి నీటి చుక్క గాలిలో దేలెను
నిజమునందు దిగక నిలుచు గంట
నీరు గాదు నెలత నిట్టూర్పె సాక్షిగా
బరువు లేనిచోట బరువు మోసె

నా తీర్పు: పద్యంగా అక్కయ్యది మొదటిది. పాదంగా ఇంజనీరుగారి రెండో పాదం. ఎత్తుగడలో కుర్రాడిది. తగువు సంగతి అంటారా, ఆవిడని అతిగా పొగిడారన్న మాట సగం నిజమే. తీగల మీద గంటల తరబడి వేలాడిన ఓర్పుకీ, తేలిన కన్నీటికీ పొగిడినంత మేరా అది అతి. సోయజ్‌లో అరిచిన అరుపు దగ్గరికి వస్తే, ఆ పొగడ్త ఇంకా బాకీ ఉందంటాను.

మార్తహళ్ళి కుర్రాడు:
యతి ఒప్పుకున్నాను, అరుపూ ఒప్పుకున్నాను. నామినేషన్ మాత్రం ఒప్పుకోను మాస్టారూ.

మల్లేశ్వరం మాస్టారు:
ఒప్పుకోకపోతే పద్యంలో ఒప్పుకోకు. శనివారం రాత్రి దాకా గడువుంది. ఈసారి ‘వె’ పక్కన ‘బొ’ పెట్టావంటే కాఫీ నీ ఖర్చు.