సమస్యాపూరణం: "యుద్ధ మాగినంత యుద్ధ మొదవె"

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఆటవెలది పద్యం నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి.

యుద్ధ మాగినంత యుద్ధ మొదవె

సందర్భం కూడా నేనే ఇచ్చేస్తున్నా, ఏమనుకోకండి. 1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది, సెప్టెంబర్ 2న టోక్యో బేలో ఓడ మీద సంతకాలు కూడా అయిపోయాయి. అప్పటికి మన దేశం తరఫున సైన్యంలో ఉన్నవాళ్ళు దాదాపు 25 లక్షల మంది. సంతకాలైపోయాయి కాబట్టి పై దేశాల్లో ఉన్నవాళ్ళంతా ఓడెక్కి ఇంటికొచ్చేసి ఉంటారని మనం అనుకుంటాం గానీ అలా జరగలేదు, ఓడలు చాలక కొంతమంది ఆగిపోయారు, కొంతమందిని మలయాకి, సైగాన్‌కి, జావాకి పంపారు, 1946లో ఇంకొంతమందిని ఏకంగా జపాన్‌కే కాపలాకి తీసుకెళ్ళారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపి మిలిటరీ మాధవరం అనిపించుకున్న ఊరు, అలాంటి ఊళ్ళలో ఆ ఏడాది ఎలా గడిచి ఉంటుందో అనుకుంటూ ఈ పాదం రాశాను. మా తాతయ్య కూడా అలా మలయాలో ఉండిపోయినవారే. ఆ సైనికుడు, అతని ఇల్లు, అతని ఆలి, వీటి చుట్టూ పూరించండి.

పాత పలక:
నమస్కారమండీ, నా ప్రయత్నం.

నావ రాదు, లేదు నా యింటి జాబును
ఆలి తలపు లెగసి యలలు గాగ
మనసులోన నేను మఱి పోరుచుంటిని
యుద్ధ మాగినంత యుద్ధ మొదవె

నిర్వాహకులు:
పలక గారూ, "ఆలి తలపు లెగసి యలలు గాగ" చాలా బావుంది, నావ కోసం చూసేవాడి ఎదురుగా ఉండేది అలలే కదా, తలపులు కూడా అవే అయ్యాయి. మూడో పాదంలో "మఱి" మాత్రం గణం కోసం వచ్చి కూర్చుంది, దాన్ని తీసేస్తే అర్థంలో ఏమీ పోదు. "మనసుతోడ నేను మల్లాడుచుంటిని" అంటే ఎలా ఉంటుందంటారు? మల్లాడడం అంటే కుస్తీ పట్టడం, సైనికుడి నోట్లో బాగా ఒదుగుతుంది, యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొంతన) కూడా మ-మ చెడదు.

పాత పలక:
అయ్యో ఎంత చక్కగా మారిందండీ. మార్చేశాను. మా అమ్మమ్మ వాడేది ఆ మాట, "పిల్లలతో మల్లాడలేక చస్తున్నా" అనేది, నాకు తట్టనే లేదు.

కొత్త కలం:
నేను ఈ మధ్యే గణాలు నేర్చుకుంటున్నా, తప్పులుంటే చెప్పండి సార్. నా మొదటి పాదం "తుపాకి దించి పెట్టి యింటికి రాలేను". ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఎక్కడో తేడా కొడుతోంది.

కొల్లేటి గాలి:
తమ్ముడూ, తేడా మొదటి మాటలోనే ఉంది. తు లఘువు (పొట్టి అక్షరం), పా గురువు (పొడుగు అక్షరం). ఆటవెలది పాదం సూర్యగణంతో మొదలవ్వాలి, అంటే గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు). లఘువు తర్వాత గురువు పడితే అక్కడికక్కడే ఆగిపోతుంది, అందుకే తుపాకితో ఆటవెలది ఎప్పటికీ మొదలవ్వదు. ముందు ఒక గురువు పెట్టు చాలు. "ఈ తుపాకి దించి" అను, ఈతు-పాకి-దించి, మూడు గలాలు వరసగా వచ్చేస్తాయి. పైగా "ఈ" అనగానే ఆ తుపాకి వాడి చేతిలో కనిపిస్తుంది కూడా.

కొత్త కలం:
థాంక్స్ అన్నయ్యా, రాత్రంతా కూర్చుని పూర్తి చేశా.

ఈ తుపాకి దించి యింటికి పోలేను
ఓడ కొరకు చూపు లొడ్డు కాయ
చంకనున్న పాప సంగతే తెలియదు
యుద్ధ మాగినంత యుద్ధ మొదవె

నిర్వాహకులు:
కలం గారూ, కొత్తవారంటే నమ్మడం కష్టంగా ఉంది. "చూపు లొడ్డు కాయ" దగ్గర ఆగిపోయాను. కాపలా కాయడం అతని ఉద్యోగం, ఇప్పుడు చూపులు కూడా ఒడ్డున అదే ఉద్యోగం చేస్తున్నాయి. చంకనున్న పాప అంటే తను బయల్దేరాక పుట్టిన బిడ్డ అని చెప్పకుండానే తెలిసిపోతోంది. చం-సం యతి నిర్దోషం, చకారానికీ సకారానికీ మైత్రి ఉంది.

కొల్లేటి గాలి:
నాది కొంచెం వేరే దారి.

జయము కలిగె ననుచు జావాకు పంపిరి
సురబయాన గుండు చొచ్చె భుజము
ఎవరికొరకు నిచట నీ పోరు చెప్పరా
యుద్ధ మాగినంత యుద్ధ మొదవె

పాత పలక:
గాలి గారూ, పద్యం గట్టిగా ఉంది, కాదనను. నాకో అనుమానం. సమస్య అంటే పైకి అసంబద్ధంగా కనిపించాలి, కవి దానికి సంబద్ధత తేవాలి. మీ పూరణలో నిజంగానే యుద్ధం ఆగింది, నిజంగానే ఇంకో యుద్ధం వచ్చింది. ఇక సమస్య ఏముంది? ఇంటి ఊసు కూడా లేదు.

కొల్లేటి గాలి:
ఇంటి ఊసు లేదన్నది ఒప్పుకుంటా. మొదటి మాటకి మాత్రం ఒప్పుకోను. 1945 అక్టోబర్ చివర్లో 49వ ఇండియన్ బ్రిగేడ్ జావా దీవిలోని సురబయాలో దిగింది, అక్టోబర్ 30న దాని బ్రిగేడియర్ మాలబీ చనిపోయాడు, నవంబర్ 10న పెద్ద పోరు మొదలైంది, ఇండోనేషియా వాళ్ళు ఇప్పటికీ ఆ తేదీని వీరుల దినంగా జరుపుకుంటారు. మనవాళ్ళు ఆ దీవి వదిలింది 1946 నవంబర్‌లో. స్వాతంత్ర్యం కావాలంటున్న జనం మీదకి, స్వాతంత్ర్యం ఇంకా రాని దేశపు కుర్రాళ్ళని పంపారండీ. ఇంతకన్నా అసంబద్ధం ఏం కావాలి? చరిత్రలో జరిగిందే సమస్యలా ఉంటే పద్యం దాన్ని విడమర్చనక్కర్లేదు, చూపిస్తే చాలు అనుకున్నా.

నిర్వాహకులు:
ఇద్దరి మాటా నిలబడుతుంది. నాకైతే "ఎవరికొరకు" అన్న ప్రశ్న వల్ల అది పూరణే అయింది.

మందారం:
నేనూ ఒకటి పెడుతున్నా. అందరూ అతని వైపు నుంచే రాశారు, నాది ఆవిడ మాట.

కబురు వచ్చె ననుచు కడప కడిగితిని
బియ్యమునకు నిలిచి బిడ్డ నెత్తి
ఇంక రారు, నాకు నిల్లు గడవదయ్యె
యుద్ధ మాగినంత యుద్ధ మొదవె

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి, బర్మా పోయాక అక్కడి బియ్యం రావడం ఆగింది, రేషన్ వచ్చింది. 1946లో తిండిగింజల కొరత ఇంకా ముదిరింది. అతను దూరంగా ఉన్న రోజులన్నీ ఆవిడ కూడా యుద్ధంలోనే ఉంది కదా అనిపించి రాశా.

పాత పలక:
అమ్మా, "కడప కడిగితిని" చదవగానే నాకు గొంతు పట్టేసింది. మొగుడు వస్తున్నాడని ఎవరికీ చెప్పదు, గడప కడుగుతుంది, పసుపు రాస్తుంది, అంతే. "ఇంక రారు" అన్న గౌరవం కూడా సరిగ్గా పడింది, "రాడు" అని ఉంటే ఆ కాలపు ఇల్లాలు కాకుండా పోయేది.

వంశీధార:
ఆలస్యంగా వచ్చాను, నాది జపాన్‌లో ఉన్నవాడి గురించి.

ఏటి గట్టు జూడ నిల్లు గుర్తుకు వచ్చె
ఓడినట్టి పురమె యోకయామ
గెలిచినట్టి కనుల కేలనో కన్నీరు
యుద్ధ మాగినంత యుద్ధ మొదవె

కొల్లేటి గాలి:
ఒకయామలో మన దళాలు ఉన్నది నిజమే, ఆ ఊరు 1945 జూన్ 29 బాంబుదాడిలో తగలబడింది. ఏరు కూడా ఊరి మధ్యలోంచే పోతుంది. "నట్టి" రెండుసార్లు వచ్చింది, భర్తీ అనిపించదా?

వంశీధార:
కావాలనే పెట్టానండీ. ఓడినట్టి, గెలిచినట్టి పక్కపక్కన నిలబడితే రెండింటికీ తేడా లేకుండా పోతుందేమో అని.

నిర్వాహకులు:
ఉంచండి, నాకు నచ్చింది. అందరూ అడుగుతున్నారు కాబట్టి నాదీ పెడుతున్నా. మా నాయనమ్మకి చదువు రాదు, మలయాలో తాతయ్యకీ అంతంతమాత్రమే. అక్కడ ఎవరో రాసిపెట్టేవారు, దాన్ని సెన్సారు వాళ్ళు చదివేవారు, ఇక్కడ పంతులుగారు పైకి చదివేవారు. వచ్చిన ప్రతి ఉత్తరం "ఉభయకుశలోపరి" అనే మొదలు. సన్నటి కాగితం, మడతల దగ్గర చిరిగిపోయింది, ఇప్పటికీ పెట్టెలో ఉంది.

ఉభయ కుశల మనుచు నొకరెవరో వ్రాయ
పంతులయ్య చదువ పక్కనుండి
ఆలి విన్నదంతె, యడుగలే కున్నది
యుద్ధ మాగినంత యుద్ధ మొదవె

మందారం:
సార్, ఒక్క మాట. పక్కనుండి అన్నారు. ఆ రోజుల్లో పంతులుగారి పక్కన ఆవిడ నిలబడుతుందా?

నిర్వాహకులు:
నిలబడదమ్మా. నాయనమ్మ చెప్పింది నాకే గుర్తు రాలేదు చూడండి. పంతులుగారు పంచలో అరుగు మీద కూర్చుంటే తను లోపల తలుపు వెనక ఉండేదట, ఎప్పుడొస్తారని రాశారా అని అడగాలని ఉండేదట, మావగారు ఎదురుగా ఉంటే ఎలా అడుగుతుంది. మార్చాను.

ఉభయ కుశల మనుచు నొకరెవరో వ్రాయ
పంతులయ్య చదువ పంచలోన
ఆలి తలుపు చాటు నడుగలే కున్నది
యుద్ధ మాగినంత యుద్ధ మొదవె