ఇంటికి హాట్ టబ్ ఎంచుకోవడంలో సలహా కావాలి

ప్రశ్న:
నమస్కారమండీ. మా మేడ మీద నలుగురు కూర్చోగల హాట్ టబ్ (వేడినీళ్ళ తొట్టి) పెట్టించుకోవాలనుకుంటున్నాము. మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, వేడినీళ్ళలో కాసేపు కూర్చుంటే ఆవిడకు హాయిగా ఉంటుంది. అమ్మేవాళ్ళు నీళ్ళను ఒత్తిడితో చిమ్మే జెట్లు ఎన్ని ఉన్నాయో చెబుతున్నారే తప్ప మిగతా సంగతులు చెప్పడం లేదు. గాలి నింపే రకం మేలా, యాక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) రకం మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
మేడ మీద అన్నారు కాబట్టి ముందు బరువు సంగతి తేల్చుకోండి. నలుగురి టబ్‌లో దాదాపు 1,000 లీటర్ల నీళ్ళు పడతాయి. లీటరు నీళ్ళు కిలో బరువు కనుక, టబ్ బరువూ అందులో దిగే మనుషుల బరువూ కలిపితే మొత్తం ఒకటిన్నర టన్నులకు చేరుతుంది. ఆ భారమంతా సుమారు 4 చదరపు మీటర్ల మీదే పడుతుంది. ఇళ్ళ శ్లాబులను మామూలుగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల లెక్కన కడతారు, ఇక్కడ పడేది దానికి దాదాపు రెట్టింపు. స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వకండి. గాలి నింపే రకమైనా బరువులో అసలు భాగం నీళ్ళదే కాబట్టి ఈ చిక్కు తప్పదు.

సమాధానం 2:
కరెంటు ఖర్చు కూడా చూసుకోండి. 1,000 లీటర్ల నీళ్ళను 20 డిగ్రీల నుంచి 38 డిగ్రీలకు తేవడానికి సుమారు 21 యూనిట్లు కావాలి, అంటే 3 కిలోవాట్ల హీటరుకు ఏడు గంటల పని. కానీ నెలనెలా బిల్లు పెంచేది ఆ వేడిని నిలబెట్టుకోవడమే. వేడి ఎక్కువగా పోయేది నీటి పైభాగం నుంచి కాబట్టి, నా దృష్టిలో జెట్ల సంఖ్య కన్నా మూత నాణ్యతే ముఖ్యం. మూతను ఎత్తి, మధ్యలో మడతపడే చోట సందు మిగులుతోందా, అంచులు టబ్‌కు అతుక్కుని కూర్చుంటున్నాయా అని స్వయంగా చూడండి. గాలి నింపే రకాల్లో గోడలు వేడిని అంతగా నిలపవు కాబట్టి, ఏడాది పొడవునా వాడేవారికి యాక్రిలిక్ రకమే మంచిది. టబ్‌కు విడిగా లైను, సరైన ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పనిసరిగా పెట్టించండి.

సమాధానం 3:
అమ్మగారి కోసం అంటున్నారు కనుక ఒక మాట. గుండె జబ్బు గానీ, రక్తపోటు గానీ ఉంటే ముందు డాక్టరును అడగండి. నీళ్ళ వేడి 40 డిగ్రీలు ఎప్పుడూ దాటకూడదు, పెద్దవారికి అంతకన్నా తక్కువ వేడిలో పావుగంట చాలు. టబ్ అంచు చాలా వాటిలో నడుము ఎత్తు దాకా ఉంటుంది కాబట్టి మెట్లు, పట్టుకునే కడ్డీ ఉండాలి. కొనేముందు ఆవిడను ఖాళీ టబ్‌లోకి ఒకసారి ఎక్కించి దింపి చూడండి.

నీటి శుభ్రత విషయంలో అశ్రద్ధ చేయకండి. వేడినీళ్ళలో క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది. అది తగ్గితే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగి, జెట్ల నుంచి లేచే తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి చేరగలదు. క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల భాగాల నీళ్ళకు 3 భాగాలు), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండేలా పరీక్ష పట్టీలతో చూస్తూ ఉండాలి. ఫిల్టరు చేత్తో సులువుగా ఊడివచ్చే మోడల్ ఎంచుకుంటే దాన్ని కడగడానికి బద్ధకం వేయదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇంజనీరు గారు మేడ వద్దంటే పెరట్లో పెట్టిస్తాము. అక్కడ నేల ఎలా సిద్ధం చేయించాలి?

సమాధానం 1:
10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన, ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు దిమ్మె చదునుగా పోయించండి. పంపు, హీటరు ఉన్న వైపు మనిషి కూర్చుని మరమ్మతు చేయగలిగేంత జాగా వదలండి.