ఉగాది ఇంటిపేర్ల గోడ: మూడో బోర్డు పని, వాలంటీర్లందరికీ

ప్రదర్శన బాధ్యత:

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి కాల్‌లో వంటల లెక్క తేలేసరికే పదిన్నర అయింది, మూడో బోర్డు సంగతి సగంలో ఆగిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మొదటి బోర్డు మన రెండు రాష్ట్రాల మ్యాప్. వచ్చినవాళ్లు తమ ఇంటిపేరున్న ఊరు వెతుక్కుని పిన్ను గుచ్చుతారు. రెండోది ఊళ్లతో సంబంధం లేని ఇంటిపేర్లది. ఆ రెండూ తయారవుతున్నాయి. మూడోది మనం కాపురం ఉంటున్న ఈ ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల నేల నుంచి వచ్చిన ఒక ఇంటిపేరు గురించి: కాట్సెనెలెన్‌బోగెన్. యూదుల ఇంటిపేరు. చాలా పాతది, చాలా అరుదైనది.

ఇక్కడి నుంచి లింబుర్గ్ వైపు కారులో గంట వెళ్తే కాట్సెనెల్న్‌బోగెన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరి మొదట్లో పసుపు బోర్డు మీద ఆ పేరు చూసి మా చిన్నోడు వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టాడు. 14. ఇంటిపేరుగా రాసేటప్పుడు మామూలుగా 16. ఊరికి పైన గుట్ట మీద కోట ఉంది, 11వ శతాబ్దం చివర్లో మొదలైనది. ఆ కోట పేరునే తమ పేరుగా పెట్టుకున్న కౌంట్లు, అంటే అక్కడి ప్రభువులు, రైన్ నది వెంట చాలా దూరం ఏలారు. మనవాళ్లు రోజూ ఆఫీసుకు వెళ్లే డార్మ్‌ష్టాట్, రుస్సెల్స్‌హైమ్ ఒకప్పుడు వాళ్లవే. డార్మ్‌ష్టాట్‌కు 1330లో పట్టణ హోదా వచ్చింది వాళ్ల చలవే. రీస్లింగ్ ద్రాక్ష గురించి దొరికిన మొట్టమొదటి రాత 1435 నాటిది, అదీ రుస్సెల్స్‌హైమ్‌లో వాళ్ల పద్దుల్లోదే. 1479లో ఫిలిప్ అనే చివరి కౌంట్ పోయేనాటికి మగ సంతానం మిగల్లేదు. ఏలుబడి మొత్తం అల్లుడి వైపు, అంటే హెస్సె ప్రభువుల చేతికి వెళ్లింది. ఆ వంశం అక్కడితో సరి.

ఇంచుమించు మూడేళ్లకు, 1482 ప్రాంతంలో, అదే ఊరివాడైన ఐజాక్ అనే యూదుడికి మెయిర్ అనే కొడుకు పుట్టాడు. ప్రాగ్‌లో చదువుకున్నాడు. తర్వాత ఇటలీలోని పాడువాకు వెళ్లి, యెహూదా మింజ్ అనే పేరుమోసిన రబ్బీ, అంటే యూదు మతగురువు, నడిపిన పాఠశాలలో చేరాడు. ఆ ఇంటి మనుమరాలు హన్నాను పెళ్లి చేసుకున్నాడు, చివరికి తానే ఆ ఊరి రబ్బీ అయ్యాడు. 1565లో పోయేదాకా అక్కడే. ఆయన్ని అందరూ పిలిచింది కాట్సెనెలెన్‌బోగెన్ అని.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కాట్సెనెల్న్‌బోగెన్‌లోనే ఉండేవాణ్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. గుంటూరులో ఉన్నవాళ్లను "గుంటూరు వారు" అని ఎవరంటారు? ఊరు వదిలి ఇంకో ఊరు చేరాక, అక్కడివాళ్లు అడిగి తెలుసుకుని పెట్టిన పేరది. ఊరి పేరు ఇంటిపేరు అయిందంటే, ఆ ఇంటివాళ్లు ఎప్పుడో ఆ ఊరు వదిలి వచ్చారన్నమాట. మూడో బోర్డు మీద నేను చెప్పాలనుకున్నది ఇదే. ఇంకేం తీసేసినా ఇది మాత్రం ఉండాలి.

హాల్ టీమ్:

అక్కా, చదివాను, బాగుంది. కానీ రెండు సందేహాలు. ఉగాదికి వచ్చినవాళ్లు పచ్చడి తీసుకుని, పిల్లల డాన్సులు చూసుకుని, భోజనాల లైన్లోకి వెళ్లిపోతారు. యూదుల ఇంటిపేరు గురించి నిలబడి చదువుతారంటారా? ఇంకోటి, గోడలకు టేపు, మేకు, ఏదీ తగలకూడదని హాల్ చూసుకునే హౌస్‌మైస్టర్ సంతకం పెట్టించుకున్నాడు. తేడా వస్తే డిపాజిట్ పోతుంది.

ప్రదర్శన బాధ్యత:

తమ్ముడూ, గోడకు ఏమీ అంటించం. మూడు స్టాండ్లు అడిగాను, రెండు దొరికాయి, మూడోది చూస్తున్నాను.

చదువుతారా అన్నావు. మా ఇంటి సంగతి చెప్తాను. మా ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉండేది. పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఇక్కడ ఒక ఆఫీసులో కాగితాలు నింపుతుంటే, అది ఇంటిపేరు కింద చెల్లదన్నారు. ఆయన సొంత పేరునే ఇంటిపేరు గడిలో ఎక్కించారు. మేము కొత్త, భాష రాదు, టెన్షన్‌లో సంతకం పెట్టేశాం. ఇప్పుడు నా ఇద్దరు పిల్లల ఇంటిపేరు వాళ్ల నాన్న పేరు. మా మామగారి ఇంటిపేరు, ఒక ఊరి పేరు, కాగితం మీద మా తరంతో ఆగిపోయింది. మన సంఘంలో ఇలాంటి ఇళ్లు ఎన్ని లేవు? వాళ్లంతా ఈ బోర్డు దగ్గర నిలబడతారు. 500 ఏళ్లు, అరడజను దేశాలు, మూడు లిపులు దాటినా ఒక ఇంటిపేరు ఎలా నిలిచిందో చూడాలని వాళ్లకు ఉంటుంది. నాకైతే ఉంది.

పైగా మన మాట ఒకటుంది చూడు, "ఇంటిపేరు". మనకు ఎక్కువ భాగం ఊరి పేరే, అయినా ఇంటి పేరు అంటాం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అది అక్షరాలా నిజం. 1462 నుంచి ఇక్కడి యూదులందరినీ యూడెన్‌గాస్సె అనే ఒకే వీధిలో ఉండమన్నారు. ఇళ్లకు నంబర్లు లేవు, ఒక్కో ఇంటికి ఒక గుర్తు, ఆ గుర్తే పేరు. ఎర్ర డాలు ఇంటివాళ్లు రోత్‌షీల్డ్‌లు, నల్ల డాలు ఇంటివాళ్లు ష్వార్ట్స్‌షీల్డ్‌లు. రోత్‌షీల్డ్‌లు 17వ శతాబ్దంలోనే ఎర్ర డాలు ఇల్లు వదిలి వేరే ఇంటికి మారారు. బ్యాంకు పెట్టి పేరు తెచ్చుకున్న మాయెర్ అంషెల్ ఆ ఇంట్లో పుట్టనే లేదు. పెద్దయ్యాక ఆయన కొనుక్కున్నది ఆకుపచ్చ డాలు ఇల్లు. అయినా పేరు ఎర్ర డాలే. ఇల్లు మారినా ఇంటిపేరు వదల్లేదు. ఇది బోర్డు కింద మూలన చిన్నగా పెడదాం, ఎందుకంటే రోజూ ట్రామ్‌లో ఆ వీధి పక్కగానే వెళ్తున్నాం.

పిల్లల టీమ్:

వదినా, జర్మన్‌లో ఆ పేరుకు "పిల్లి మోచేయి" అని అర్థం వస్తోందట కదా, మా పిల్లలు విని ఒకటే నవ్వు. పిల్లి బొమ్మలు గీయించి బోర్డు చుట్టూ పెడదామా? ఇంకా వాళ్లకు చెప్పడానికి ఏదైనా కథ ఉంటే ఇవ్వండి.

ప్రదర్శన బాధ్యత:

తప్పకుండా గీయించు. పిల్లి మెయిర్ వంశం తానుగా పెట్టుకున్న గుర్తే. రెండేళ్ల కిందట వెనిస్ వెళ్తూ పాడువాలో దిగాం, ముందే చెప్పి పాత యూదు శ్మశానానికి వెళ్లాం. చుట్టూ ఇళ్లు, మధ్యలో ఎత్తుగా పెరిగిన గడ్డి, వంగిపోయిన రాళ్లు. మెయిర్ సమాధి రాయి ఏదో మాకు హీబ్రూ రాక తెలియలేదు. మా చిన్నోడే కనిపెట్టాడు, "అమ్మా, పిల్లి!" అని. రాతి మీద ముడుచుకుని కూర్చున్న పిల్లి. ఆ రాతి అంచున ఎవరో పెట్టి వెళ్లిన గులకరాళ్లు. యూదులు సమాధి దగ్గర పూలకు బదులు రాయి పెడతారు. మావాడు కూడా ఒకటి ఏరి పెట్టాడు.

కానీ ఒక పొరపాటు మాత్రం రానివ్వొద్దు. కాట్స్ అనే యూదు ఇంటిపేరు చాలామందికి ఉంటుంది. దానికీ పిల్లికీ సంబంధం లేదు. అది కోహెన్ ట్సెదెక్, అంటే "ధర్మ పురోహితుడు" అన్న రెండు హీబ్రూ మాటల పొడి అక్షరాలు. మన కాట్సెనెలెన్‌బోగెన్ వేరు, అది ఊరు. రైన్ ఒడ్డున లోరెలై కొండ పక్కన ఉన్న కాట్స్ కోట మాత్రం ఈ కౌంట్ల పేరు కుదించగా వచ్చినదే. పిల్లలు ఆ మూడూ కలిపేస్తారు, నువ్వే విడదీసి చెప్పాలి.

కథ ఇదుగో. మెయిర్ కొడుకు సామ్యూల్ యూదా వెనిస్‌లో రబ్బీ. ఆయన కొడుకు సౌల్ పోలండ్ వైపు వెళ్లి, ఇప్పుడు బెలారస్‌లో ఉన్న బ్రెస్ట్‌లో స్థిరపడ్డాడు. 1586 చివర్లో పోలండ్ రాజు స్టెఫాన్ బాథొరి పోయాడు. 1587లో కొత్త రాజును ఎన్నుకోవడానికి ప్రభువులు కూర్చుంటే ఎంతకీ తెగలేదట. గడువు దాటిపోతోంది, సింహాసనం ఖాళీగా ఉండకూడదు. అప్పుడు అందరికీ నచ్చిన మనిషి అని సౌల్‌ను ఒక్క రాత్రికి రాజుగా కూర్చోబెట్టారట. ఆ రాత్రంతా ఆయన నిద్రపోకుండా తనవాళ్లకు మేలు చేసే చట్టాలు రాయించాడట. అందుకే ఆయనకు "వాల్", జర్మన్‌లో ఎన్నిక, అని పేరొచ్చిందని చెబుతారు. ఇది కథ, పిల్లలకు కథ అనే చెప్పు. రికార్డుల్లో ఉన్నది వేరు: సౌల్ ఉప్పు, పన్నుల గుత్తేదారు. నిజంగా రాజైన మూడో సిగిస్మండ్ 1589లో ఆయనకు రాజ సేవకుడనే హోదా ఇచ్చాడు. ఒక వ్యాపారికి అదే చాలా పెద్ద సంగతి. ఆ కథ లేకుండానే ఆయన నాకు గొప్పగా కనిపిస్తాడు.

ప్రింటింగ్ టీమ్:

అక్కా, ఏ1 సైజ్ అంటే మీరు పంపినదాంట్లో మూడో వంతే పడుతుంది. ఇంకోటి, ఈ ఇంటిపేరు ఇప్పుడు ప్రపంచంలో ఎంతమందికి ఉందో ఒక అంకె పెద్దగా వేస్తే జనం ఆగుతారు.

ప్రదర్శన బాధ్యత:

అంకె వద్దు బాబూ. పెద్దగా వేయాల్సింది పేరు ఎందుకు అరుదైందన్నది. నువ్వే ఆలోచించు, చౌదరి అనే మాటను మనవాళ్లు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారు? ఈ పేరు హీబ్రూ అక్షరాల్లో ఉండేది, అందులో అచ్చులు పూర్తిగా రాయరు. దాన్ని పోలిష్ గుమస్తా ఒక రకంగా, రష్యన్ గుమస్తా తన లిపిలో ఇంకో రకంగా, అమెరికాలో మరో రకంగా ఎక్కించారు. ఒక ఎల్, రెండు ఎల్‌లు, మొదట్లో సి, లేదా కె. ఒక స్పెల్లింగ్ పట్టుకుని ఫోన్ పుస్తకంలో వెతికితే సగం వంశం కనబడదు. కొందరు పొడుగు పేరు మోయలేక తుంచుకున్నారు. కాట్సెనెల్సన్ అనేది దీని కుదింపే అంటారు. నాజీలు యూదులను బంధించి ఉంచిన వార్సా ఘెట్టోలో కవిత్వం రాసి, 1944లో ఆష్విట్స్ మరణ శిబిరంలో హతమైన యిత్స్‌హాక్ కాట్సెనెల్సన్‌ది ఆ పేరే.

ఉల్టా కూడా జరిగింది. ఇంత పేరున్న ఇంటి అల్లుళ్లు తమ పేరు పక్కన పెట్టి అత్తవారి పేరు తీసుకునేవారు. మన ఇల్లరికం గుర్తొచ్చిందా? కాబట్టి పేరు ఒకటైనంత మాత్రాన అందరూ మెయిర్ మగ సంతానం కాదు. ఆడపిల్లల ద్వారా వెళ్లిన సంతానంలో ఈ పేరు లేనివాళ్లు ఇంకెంతమందో. పేరు పలచబడింది, వంశం పెరిగింది.

అసలు ఈ పేరు ఎంత పాతదో చెప్పడానికి పక్కన మూడు సంవత్సరాలు వెయ్యి చాలు: 1787, 1808, 1812. ఆస్ట్రియా, నెపోలియన్ ఫ్రాన్స్, ప్రష్యా యూదులను స్థిరమైన ఇంటిపేర్లు పెట్టుకోమని ఆజ్ఞాపించిన ఏళ్లు. అప్పటిదాకా ఎక్కువమందికి ఫలానావాడి కొడుకు ఫలానా అనేదే పేరు. కాట్సెనెలెన్‌బోగెన్‌లకు అప్పటికే 300 ఏళ్ల నుంచి ఇంటిపేరు ఉంది. అలాంటి కుటుంబాలు తక్కువ: జర్మనీలో స్పేయెర్ నుంచి షపీరాలు, బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, హొర్జొవిత్సె నుంచి హొరొవిట్జ్‌లు, ఇంకా కొన్ని. చూశావా, అన్నీ మళ్లీ ఊళ్లే.

బోర్డు మీద నుంచి తీసేయకూడనిది మరొకటి ఉంది. 1938 ఆగస్టులో ఇక్కడి నాజీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. 1939 జనవరి 1 నుంచి, వాళ్ల జాబితాలో లేని పేరున్న ప్రతి యూదు మగవాడు తన పేరుకు ఇజ్రాయెల్ అని, ప్రతి ఆడమనిషి సారా అని చేర్చుకోవాలి. కాగితం చూడగానే గుర్తుపట్టడానికి. మనం ఉన్నది ఆ ఉత్తర్వు అమలైన దేశంలో. పండగ పూట ఎందుకని నిన్న కాల్‌లో ఒకరు అన్నారు, వాళ్ల మనసు నాకు అర్థమైంది. కానీ యూదుల పేరు ఒకటి మనం బోర్డు ఎక్కించి, ఆ పేర్లను ఏం చేశారో రాయకపోతే తప్పవుతుంది. రెండు లైన్లు, బొమ్మలు లేకుండా, పిల్లి బొమ్మలకు దూరంగా, కుడి వైపు. జర్మన్ అతిథుల కోసం ఆ రెండు లైన్లు జర్మన్‌లో కూడా కావాలి. యూదు మ్యూజియం వాళ్లకు మన బోర్డు వాక్యాలు పంపి, మాటల్లో తప్పేమైనా ఉంటే చెప్పమని అడుగుతాను. వాళ్ల జవాబు వచ్చేదాకా ప్రింట్‌కి ఇవ్వకండి.

హాల్ టీమ్:

అక్కా, మూడో స్టాండ్ దొరికింది, మా ఆఫీసులో ఒకటి ఖాళీగా ఉంది. శుక్రవారం సాయంత్రం తెస్తాను. మా ఇంటిపేరు ఏ ఊరిదో మా నాన్నకు ఫోన్ చేసి అడిగాను. ఇద్దరం మ్యాప్ తీసి వెతికితే పల్నాడులో దొరికింది. మేము ఆ ఊరు ఎప్పుడూ వెళ్లలేదు.

ప్రదర్శన బాధ్యత:

అయితే మొదటి పిన్ను నీదే.

మిగిలిన పనులు: శనివారం ఉదయం తొమ్మిదికల్లా బోర్డులు హాల్లో ఉండాలి, మోయడానికి ఇద్దరు కావాలి. పిన్నులు రెండు రంగులు తెస్తున్నాను. ఇంటిపేరున్న ఊరిని చూసినవాళ్లకు ఎరుపు, ఎప్పుడూ చూడనివాళ్లకు పసుపు. పసుపువే ఎక్కువ కావాల్సొస్తాయి, అవి రెండు డబ్బాలు. మా పిల్లల్లా కాగితం మీద ఇంటిపేరు పోయినవాళ్ల కోసం మ్యాప్ పక్కన ఖాళీ కార్డులు, స్కెచ్ పెన్నులు పెడతాను. ఇంట్లో పిలుచుకునే ఇంటిపేరు దాని మీద తెలుగులో రాస్తారు. పిల్లలకు అక్షరాలు రాకపోతే పక్కన నిలబడి రాయించడానికి గంటకొకరు చొప్పున నలుగురు చాలు. పేరు ఇవ్వాలనుకున్నవాళ్లు ఈ కిందే రాయండి.