కొండదారులకు మిడ్‌సైజ్ ట్రక్కా, ఫుల్‌సైజా? నడిపినవాళ్లు చెప్పండి

కొత్తగా_కొంటున్నా:
ఇన్నాళ్లూ సెడాన్ తప్ప ఇంకోటి నడపలేదు. ఇప్పుడు పికప్ కొందామని ఉంది. మేం నలుగురం: నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల పాప. ఏడాదికి నాలుగైదుసార్లు యూటా, కొలరాడో మట్టిదారుల్లో తిరిగి, రెండు మూడు రాత్రులు టెంట్‌లో ఉండి రావాలని కోరిక.

మిడ్‌సైజ్‌లో టొయోటా టకోమా టీఆర్‌డీ ఆఫ్‌రోడ్, ఫుల్‌సైజ్‌లో ఫోర్డ్ ఎఫ్-150 రెండూ నడిపి చూశాను. ఎఫ్-150లో హాల్లో సోఫా మీద కూర్చున్నట్టుంది. టకోమాలో మావాడి మోకాళ్లు నా సీటుకు తగులుతూనే ఉన్నాయి. మా ఆవిడ ఓటు పెద్దదానికే. ఒక ఫ్రెండ్ మాత్రం "అంత బండేసుకుని కొండెక్కితే మలుపులో ఇరుక్కుంటావ్" అని టెన్షన్ పెడుతున్నాడు. పార్కింగ్ గొడవ మాకు లేదు. మరి ఏది తీసుకోమంటారు?

రెండుబళ్ల_అనుభవం:
రెండూ కొని, రెండింటి వల్లా ఇంట్లో తిట్లు తిన్నవాణ్ణి. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

మొదట నా దగ్గరున్నది ఫుల్‌సైజ్ క్రూ క్యాబ్, అంటే నాలుగు తలుపులది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 145 అంగుళాలు, అద్దాలు లేకుండా వెడల్పు 80, అద్దాలు తెరిస్తే దాదాపు ఎనిమిది అడుగులు. మామూలు మట్టిరోడ్డు మీద దానంత సుఖం ఇంకోటి లేదు. ఆ ధైర్యంతోనే కొలరాడోలో బ్లాక్ బేర్ పాస్ అనే కొండ కనుమకు పోయాను. టెల్యురైడ్ ఊరి పైన ఆ హెయిర్‌పిన్ మలుపులున్నాయే, అక్కడ నా పొగరు దిగింది. ఒక్క తిప్పుకు బండి తిరగదు. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. వెనక్కి వచ్చిన ప్రతిసారీ అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనబడదు. మా ఆవిడ కిందికి దిగి చేత్తో సైగలు చేసింది. అది వన్‌వే, వెనక్కి తిరిగి వచ్చేద్దామన్నా కుదరదు. ఆ రోజు రాత్రి మా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మలుపులు ఒక్కటే కాదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం పెరిగేకొద్దీ, గుట్టలాంటి రాయి ఎక్కి దిగేటప్పుడు బండి పొట్ట తగులుతుంది. టైర్లు పెద్దవి వేస్తే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఇరుకు దారుల్లో కొమ్మలు రెండు పక్కలా గీతలు గీస్తాయి, అది వేరే ఏడుపు.

దాన్ని అమ్మేసి పాత తరం టకోమా తీసుకున్నాను. వీల్‌బేస్ 127 అంగుళాలు. అంటే అడుగున్నర తక్కువ! అదే పాస్ మళ్లీ దిగాను, ఈసారి ఎవరూ సైగలు చేయనక్కర్లేకపోయింది. ఇక జీవితాంతం ఇదే అనుకున్నా.

అప్పుడు బరువు సంగతి బయటపడింది. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది: మనుషులు, సామాను కలిపి ఎంత మోయొచ్చో. నా బండికి 1,050 పౌండ్లు. మేమిద్దరం 330. బండి పైన బిగించే రూఫ్ టెంట్ 150, దాని ర్యాక్ 80. స్టీల్ బంపర్, ఇరుక్కున్న బండిని లాగే వించ్ కలిపి అదనంగా 200. పది గ్యాలన్ల నీళ్లు 83. ఫ్రిజ్ 80. పనిముట్లు, తాళ్లు ఓ వంద. మొత్తం 1,023. మా కుక్క 60 పౌండ్లు. అది ఎక్కగానే లెక్క దాటిపోయింది! లారీలు తూచే కాటా మీదికి తీసుకెళ్లి చూసుకున్నా, లెక్క మారలేదు. గట్టి లీఫ్ స్ప్రింగులు వేయిస్తే వెనక భాగం పైకి లేస్తుందంతే, స్టిక్కర్ మీద అంకె పెరగదు.

మేమిద్దరమూ ఒక కుక్కా అయితేనే ఇలా ఉంది. మీరు నలుగురు. ఆ స్టిక్కర్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇసుకదారి:
పైన అన్నగారు చెప్పింది రాళ్ల కొండల సంగతి. ఎడారిలో, ఇసుక వాగుల్లో కథ వేరు. అక్కడ వెడల్పూ, పొడవూ ఉన్న బండే కుదురుగా పోతుంది. యూటాలో కెన్యన్‌ల్యాండ్స్ పార్కులోని వైట్ రిమ్ రోడ్, దాదాపు 100 మైళ్లు, ఫుల్‌సైజ్‌లోనే తిరిగొచ్చాను. టైర్లలో గాలి 20 పీఎస్ఐకి దించాను, అంతకుమించి ఏ విద్యా చూపించలేదు. పర్మిట్ మాత్రం ముందే తీసుకోవాలి.

ఒక్క మాట. షోరూమ్‌లో ఎఫ్-150 రాప్టర్ మోడల్ చూసి మనసు పారేసుకోకండి. వెడల్పు 87 అంగుళాల దాకా ఉంటుంది, పైగా మామూలు ఎఫ్-150 కంటే తక్కువ బరువు మోస్తుంది. మెత్తటి పొడుగు సస్పెన్షన్ దూకడానికి బాగుంటుంది, సామాను మోయడానికి కాదు.

లాకర్_బాబాయ్:
సైజు గురించి ఇంత కొట్టుకుంటున్నారు, వెనక లాకర్ (రెండు పక్కల చక్రాలూ కలిసే తిరిగేలా చేసేది) లేని ఫుల్‌సైజ్ కంటే లాకర్ ఉన్న మిడ్‌సైజ్ వంద రెట్లు నయం. ఒక చక్రం గాల్లోకి లేచాక మీ హార్స్‌పవర్ అంతా దాన్ని ఊరికే తిప్పడానికే పోతుంది. ఇంకోటి, మిడ్‌సైజ్ అనగానే పొట్టి అనుకోకండి. జీప్ గ్లాడియేటర్ పికప్ వీల్‌బేస్ 137 అంగుళాలు. దాని రూబికాన్ మోడల్‌కు ముందూ వెనకా రెండు లాకర్లూ ఉంటాయి, ఎక్కడం బ్రహ్మాండంగా ఎక్కుతుంది, కానీ దిగేటప్పుడు తోక రాయికి గీసుకుంటుంది.

కొత్తగా_కొంటున్నా:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ మళ్లీ వెళ్లి రెండు స్టిక్కర్లూ ఫోటో తీసుకున్నాను. మేం నలుగురం 470, నేల మీద వేసే టెంట్, పరుపులు 60, నీళ్లు 83, ఫ్రిజ్ 80, వంట సామాను, బట్టలు 150, పనిముట్లు 80. మొత్తం 923. నేను చూసిన టకోమాకు 1,080, ఎఫ్-150కి 1,640. మొదటిదాంట్లో పిల్లలు పెరిగితే ఆ కాస్త మిగులూ వాళ్ల ఒళ్లే తినేస్తుంది.

ఎఫ్-150 వైపే మొగ్గుతున్నాను. రూఫ్ టెంట్ వద్దు. బ్లాక్ బేర్ లాంటిది చూడాలనిపిస్తే ఆ ఒక్కరోజుకు జీప్ అద్దెకు తీసుకుంటాం.

రెండుబళ్ల_అనుభవం:
ఆ అద్దె జీప్ ఆలోచన నాకు అప్పుడే వచ్చి ఉంటే ఒక బండి డబ్బులు మిగిలేవి. కొనేటప్పుడు వెనక లాకర్ ఉందో లేదో కాగితం మీద చూసుకోండి, సేల్స్‌మన్ మాట మీద వద్దు. వెనక సామాను పెట్టే బెడ్ పొడుగుది అంటగట్టాలని చూస్తే ఒప్పుకోకండి, అయిదున్నర అడుగులది చాలు.