దేవుడు క్షమించాడు సరే, నా బాకీ సంగతేంటి?

ఒలీవకొమ్మ:
అందరికీ వందనాలు. మా సహవాసంలో ఒక బ్రదర్ ఒకప్పుడు తోటి విశ్వాసుల దగ్గరే చేబదుళ్లు తీసుకుని, ఎగ్గొట్టి, కనబడకుండా పోయాడు. ఈమధ్య తిరిగొచ్చాడు. కన్నీళ్లతో సాక్ష్యం చెప్పి, 2 కొరింథీయులకు 5:17 చదివాడు. క్రీస్తులో ఉన్నవాడు నూతన సృష్టి, పాతవి గతించెను, క్రొత్త వాయెను. డబ్బు గురించి మాత్రం ఒక్క మాట లేదు. కూడిక అయ్యాక నష్టపోయిన ఒకాయన పక్కకు పిలిచి అడిగితే "అది పాత మనిషి చేసిన అప్పు అన్నా, ఆ మనిషి సిలువలో చచ్చిపోయాడు" అన్నాడట. ఇప్పుడు మాలో సగం మంది అతన్ని వెంటనే పరిచర్యలో పెట్టాలంటున్నారు, మిగతా సగం అతని పక్కన కూర్చోవడానికే ఇష్టపడటం లేదు. దేవుని కృపను నమ్మడం అంటే గతాన్ని అలా వదిలేయడమేనా? వాక్యంతో చెప్పండి, తిట్టుకోకండి.

రెండోమైలు:
పాత మనిషి చేసిన అప్పా! బాగుంది. పాత మనిషి సంపాదించిన సామాను మాత్రం కొత్త మనిషి వాడుకుంటున్నాడా లేదా, ముందు అది కనుక్కోండి.

వాక్యం అడిగారు కాబట్టి చెప్తున్నా. లేవీయకాండం 6వ అధ్యాయం మొదట్లోనే ఉంది. పొరుగువాణ్ణి మోసం చేసి తీసుకున్నవాడు మూలధనం మొత్తం, దాని మీద ఐదో వంతు కలిపి, సొంతదారుడికి ఇచ్చుకోవాలి. ఎప్పుడు? అపరాధ పరిహారార్థబలి తెచ్చే రోజునే. సంఖ్యాకాండం 5లో ఇంకా గట్టిగా ఉంది, నష్టపోయినవాడు లేకపోతే, తీసుకోవడానికి బంధువు కూడా లేకపోతే, ఆ సొమ్ము యాజకుడికి చేరాలి. అంటే "ఎవరికివ్వాలో తెలియక ఊరుకున్నా" అనే సాకు కూడా దేవుడు మిగల్చలేదు. అదంతా పాత నిబంధన అంటారని తెలుసు, అందుకే కొత్త నిబంధనలో పన్నులు వసూలు చేసే జక్కయ్య దగ్గరికి రండి. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. ఆ మాట అన్నాకే ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పాడు. లూకా 19, 8 తర్వాత 9. చదువుకోండి.

కునుకుపాటు:
దేవుడు పాపాలు క్షమిస్తాడు, ఈఎంఐలు కాదు 🙂

బేతనియ:
రెండోమైలు బ్రదర్, మీరు 8, 9 చూశారు, 5 దాటేశారు. జక్కయ్య ఇంకా మేడిచెట్టు మీద ఉండగానే, ఎవరికీ ఒక్క పైసా తిరిగివ్వకముందే, నేడు నీ ఇంట ఉండాలి త్వరగా దిగు అని పిలిచాడు ప్రభువు. అక్కడున్నవాళ్లందరూ సణుక్కున్నారు కూడా, పాపి ఇంటికి పోతున్నాడని. ముందు కృప, దాని వెనక మారిన బ్రతుకు. మీరు చెప్పే వరసలో అయితే జక్కయ్య ముందు రసీదులు పట్టుకుని చెట్టు దిగాలి! ఎఫెసీయులకు 2:8, 9 కూడా అదే కదా, కృపచేతనే, క్రియల వల్ల కాదు, ఎవరూ అతిశయపడకుండా. ప్రభువు పక్కన సిలువ మీద దొంగ ఎవరికి ఏం చెల్లించి పరదైసుకు వెళ్లాడు?

రెండోమైలు:
సిలువ మీద వేలాడుతున్నవాడికి చెల్లించే అవకాశం లేదు సిస్టర్. వీళ్ల సహవాసంలో ఉన్నాయనకు రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. ఈయనను ఆ దొంగతో పోల్చకండి, ఆయనైనా "మనకిది న్యాయమే" అని ఒప్పుకున్నాడు. ఈయన అదీ లేదు. ఇక ఎఫెసీయులకు అన్నారు కాబట్టి, 2:9 దగ్గర ఆపేయకుండా 10 కూడా చదవండి, తర్వాత 4:28 చదవండి. దొంగిలేవాడు ఇక దొంగిలకుండా, తన చేతులతో కష్టపడి, అక్కరగలవాడికి పంచిపెట్టాలి అంది. కష్టపడమంది. సాక్ష్యం చెప్పి కూర్చోమనలేదు.

బేతనియ:
నేను కష్టపడొద్దన్నానా? 5వ వచనం 8 కంటే ముందుందా లేదా, అది చెప్పండి.

రెండోమైలు:
ముందుంది. ఇంటికి రావడం వేరు, రక్షణ వచ్చిందనడం వేరు. ప్రభువు తనను అప్పగించిన యూదా ఇస్కరియోతుతో కూడా కలిసి భోజనం చేశాడు.

బేతనియ:
అమ్మో. తిరిగొచ్చినవాణ్ణి యూదాతో కలిపేశారా అప్పుడే!

కునుకుపాటు:
5వ వచనం vs 8వ వచనం, నాలుగో రౌండ్. జక్కయ్య కూడా ఇంతసేపు చెట్టు మీద ఉండి ఉండడు.

పాతవిశ్వాసి:
పిల్లలూ, కాస్త ఆగండి. ఇది మీతో మొదలైన తగువు కాదు. తిరిగివ్వగలిగి ఉండీ ఇవ్వనివాడి పశ్చాత్తాపం నటన అని తొలి శతాబ్దాల సంఘ పండితుడు అగస్టీను ఎప్పుడో ఒక ఉత్తరంలో రాశాడు. ఇవ్వలేని స్థితిలో ఉన్నవాడి సంగతి వేరని కూడా ఆయన మాటలోనే ఉంది. అది అందరూ మరిచిపోతారు. ఇటువైపు ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ని తీసుకోండి. విశ్వాసం వల్లనే నీతిమంతులమని తీర్చబడతామని అంత గట్టిగా పట్టుపట్టిన మనిషి 1517లో తన 95 వాదాల్లో మొదటిదిగా ఏం పెట్టాడు? విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమై ఉండాలని ప్రభువు కోరాడు అని. ఒక ఆదివారం ఏడ్చి ముగించేది కాదన్నమాట. కృప గొప్పదంటే పశ్చాత్తాపం చిన్నదైపోదు. ఒలీవకొమ్మా, ఆ మనిషికి ఇచ్చే స్థోమత ఉందా లేదా, నువ్వు రాయలేదు.

ఒలీవకొమ్మ:
ఉద్యోగం ఉందండి. పెద్దది కాదు. కానీ ఉంది.

ఉదయతార:
యెషయా 43:18, 19 మర్చిపోయారు అందరూ. మునుపటివాటిని జ్ఞాపకం చేసుకోవద్దు, నేనొక నూతన క్రియ చేస్తున్నాను అని దేవుడే అంటుంటే మనం పాత పద్దుల పుస్తకం తెరిచి కూర్చోవడమేంటి? పౌలు కూడా వెనుక ఉన్నవి మరచి అన్నాడు. నెగెటివిటీ వద్దు, ముందుకు సాగుదాం 🙏

రెండోమైలు:
తమ్ముడూ, యెషయాలో ఆ మాట బబులోను చెరలో నలిగిపోయినవాళ్లకు ఓదార్పుగా చెప్పింది. చెరపట్టినవాడికి చెప్పింది కాదు. ఫిలిప్పీయులకు 3లో పౌలు వెనక్కి నెట్టింది కూడా తన వంశం, తన పరిసయ్య పట్టుదల, తన గొప్పలు. సంఘాన్ని హింసించిన సంగతి ఆయన ఎక్కడా దాచలేదు, అదే అధ్యాయం 6వ వచనంలో మళ్లీ చెప్పాడు. నష్టపోయినవాడికి "మరచిపో" అని చెప్పడానికి ఈ వాక్యాలు వాడటం పుండు మీద కారం చల్లడమే.

బేతనియ:
సరే, అప్పుల గురించే మాట్లాడదాం. మత్తయి 18. రాజు దగ్గర పదివేల తలాంతుల బాకీ, అంటే తీర్చలేనంత పెద్ద మొత్తం, క్షమాపణ పొందినవాడు, నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. ఆ కథలో మీరెక్కడ నిలబడ్డారో ఒకసారి చూసుకోండి బ్రదర్. మీకు ఆ చిన్న మొత్తమే కనబడుతోంది.

రెండోమైలు:
చిన్న మొత్తం! మత్తయి 20లో ద్రాక్షతోట పనివాడి రోజు కూలి ఒక దేనారం. అంటే నూరు దేనారాలు ఒక కూలివాడి నూరు రోజుల చెమట. పదివేల తలాంతుల పక్కన చిన్నదే కానీ, ఇంట్లో పొయ్యి వెలిగించాల్సినవాడికి చిన్నది కాదు. ఇంకోటి, ఆ కథలో ఆ ఇద్దరు బాకీదారులూ ఏమని వేడుకున్నారో ఎవరూ గమనించరు. ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఓర్చుకో, చెల్లిస్తాను అని. ఒక్కడు కూడా "పాతవి గతించెను" అనలేదు. రద్దు చేసిన మాట రాజు నోట వచ్చింది. బాకీ పడ్డవాడే తన బాకీ తానే కొట్టేసుకోవడం ఆ ఉపమానంలో ఎక్కడుంది? ద్వితీయోపదేశకాండం 15లో ఏడేళ్లకోసారి అప్పులు విడిచిపెట్టమన్న ఆజ్ఞ కూడా అప్పిచ్చినవాడికే.

ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నా. నేనూ ఇలాగే ఇచ్చాను. చెల్లెలి పెళ్లికని దాచింది. "రెండు నెలల్లో ఇచ్చేస్తా అన్నా, ప్రభువు సాక్షి" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. కొన్నాళ్లకు వేరే సంఘంలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్తున్న వీడియో నాకే ఎవరో పంపారు, "ఎంత మారిపోయాడో చూడు" అంటూ. డబ్బు పోయిందని కాదు నా బాధ. ఆ వీడియో చూసి నేను మొహం చిట్లించినందుకు మా పెద్దలు నన్ను కూర్చోబెట్టి, చేదు వేరు మొలిచింది నీలో, హెబ్రీయులకు 12:15 చదువుకో అన్నారు. తీసుకున్నవాడు నూతన సృష్టి, ఇచ్చినవాడు చేదు వేరు. ఇదీ మన కృప!

కునుకుపాటు:
దీనికి జోకు వేయలేను. సారీ అన్నా.

ఉదయతార:
అయినా క్షమించడం మన వంతు కదా బ్రదర్...

రెండోమైలు:
క్షమించాను. ప్రతిరోజూ క్షమిస్తున్నాను. క్షమించడమంటే అతను చెప్పే అబద్ధానికి ఆమేన్ అనడం కాదు.

బేతనియ:
మీ బాధ అర్థమైంది. ఇక నాదీ వినండి, ఇంతసేపూ వచనాల వెనక దాక్కున్నాను.

మా ఆయన పెళ్లికి ముందు సంఘం లెక్కలు చూసేవారు. అందులోంచి వాడుకున్నారు. దొరికిపోకముందే తనే పెద్దల ముందు ఒప్పుకున్నారు, మీరు చెప్పిన ఐదో వంతు కూడా కలిపి మొత్తం కట్టారు. కట్టడానికి ఆయన బండి అమ్మేశారు, నేను పెళ్లయి వచ్చాక మిగతాది నా జీతం లోంచి కూడా పోయింది. నేను దానికి ఏడవలేదు. చెల్లించడం న్యాయం. కానీ బ్రదర్, ఇప్పటికీ కానుకల సంచి ఆయన వరసలోకి వచ్చేసరికి పక్కన నిలబడ్డవాళ్లు సంచిని ఆయన చేతికి ఇవ్వకుండా పై నుంచి అవతలి మనిషికి అందిస్తారు. ప్రతి ఆదివారం. ఆయన తల దించుకుని పాట పుస్తకంలోకి చూస్తారు. మా పాప చూస్తోంది, ఇప్పుడు దానికి అర్థమయ్యే వయసు. ఒకసారి ఒక పెద్దాయనను అడిగాను, మారుమనస్సుకు తగిన ఫలం ఇంకా ఏం కావాలండీ అని. "కాలమే చెప్పాలమ్మా" అన్నారు. ఆ కాలానికి ఎప్పుడు నోరొస్తుందో.

అందుకే మీరు ఐదో వంతు, నాలుగంతలు అంటుంటే నాకు ఒళ్లు మండింది. కట్టేశాక కూడా మీలాంటివాళ్లు వదలరని తెలిసి.

రెండోమైలు:
సిస్టర్, మీ ఆయన చేసిందే నేను ఇంతసేపూ అడుగుతోంది! ఒప్పుకున్నారు, కట్టారు. ఆయన్ను నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. మీరు నాతో ఎందుకు పోట్లాడుతున్నారో నాకే అర్థం కాలేదు.

బేతనియ:
ఎందుకంటే మీరు "కట్టాకే రక్షణ" అంటే, మా సంఘంలోనివాళ్లు దాన్ని "కట్టినా ఇంకా చూడాలి" దాకా లాగుతారు. మొదటి మెట్టు మీది, రెండోది వాళ్లది, తేడా అంతే. కృప ముందు లేకపోతే ఆ మెట్లకు చివర ఉండదు. మా ఆయన ఒప్పుకోగలిగింది కూడా, దేవుడు తనను గెంటేయడు అన్న నమ్మకం ముందు కలిగింది కాబట్టి. భయం వల్ల అయితే పారిపోయేవారు, మీ బాకీదారుడిలాగా.

పాతవిశ్వాసి:
ఇప్పటికి అసలు మాట బయటికి వచ్చింది. దేవుడు క్షమిస్తాడా లేదా అన్నదాని మీద మీలో ఎవరికీ అనుమానం లేదు. లెక్క ముగిసిందని చెప్పే హక్కు ఎవరిది అన్నదే గొడవ. ఒకచోట బాకీ పడ్డవాడు ముందే ముగించేసుకున్నాడు, ఇంకోచోట సంఘం ఎప్పటికీ ముగించనంటోంది.

అపొస్తలుల కార్యాలు 9:26 చూడండి. సంఘాన్ని హింసించిన సౌలు, అంటే పౌలే, యెరూషలేము వచ్చి శిష్యులతో కలవబోతే అందరూ భయపడ్డారు, నమ్మలేదు. వాళ్లను ప్రభువు గద్దించలేదు, సౌలు కూడా "నేను నూతన సృష్టిని, నమ్మరేం" అని అలగలేదు. బర్నబా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఇతని సంగతి నాకు తెలుసు అని పూచీ పడ్డాడు. అదే పౌలు తర్వాత, ఒకసారి మధ్యలో వదిలి వెళ్లిపోయిన మార్కును వెంట తీసుకెళ్లనని బర్నబాతోనే తీవ్రంగా వాదించి విడిపోయాడు, 15వ అధ్యాయం. చివరి రోజుల్లో మార్కు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడు, వెంటబెట్టుకు రా అని రాశాడు. కాలమే చెప్పాలి అంటే సరిపోదమ్మా, ఎవరో ఒక మనిషి చెప్పాలి. మీ సంఘంలో పెద్దలు ఆ పని చేయలేదు.

ఉదయతార:
ఫిలేమోనుకు రాసింది కూడా చెప్పొచ్చుగా అంకుల్. 18వ వచనం. నీ దాసుడు ఒనేసిము నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి అని పౌలే తన చేత్తో రాశాడు.

రెండోమైలు:
మంచి మాట అన్నావు తమ్ముడూ. కానీ గమనించు, బాకీ లేదనలేదు, నేను తీరుస్తానన్నాడు. అంత కృప మీద మాట్లాడే మన పెద్దల్లో ఎవరైనా "నా లెక్కలో వేయి" అన్నారా నాతో? అనుంటే నేను డబ్బు తీసుకునేవాణ్ణే కాదేమో.

బేతనియ:
ఇదొక్కటి మీతో ఏకీభవిస్తాను. 5వ వచనం సంగతి మాత్రం అలాగే ఉంది.

ఒలీవకొమ్మ:
ఈ వారం ఇద్దరు పెద్దలతో కలిసి ఆ బ్రదర్ ఇంటికి వెళ్తున్నాం. ఎవరెవరికి ఎంత ఇవ్వాలో ఆయనే తన చేత్తో రాయాలని, నెలకు ఎంత కట్టగలడో ఆయనే చెప్పాలని అడుగుతాం, అది ఎంత చిన్నదైనా సరే. అదంతా తీరేదాకా ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకు, దూరంగా ఉంచాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

రెండోమైలు:
మొదటి కంతు కట్టేదాకా ఉంచాలి.

బేతనియ:
కాగితం మీద రాసిన రోజే రానివ్వాలి. మొదలుపెట్టకండి మళ్లీ.